రీఫ్ ట్యాంకులో ముళ్ల పురుగు, నల్ల కొనల ఎండ్రకాయ, రాత్రిపూట టక్‌మనే శబ్దం: రాళ్లను మరిగించాలా?

రామగిరి_నల్గొండ:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 250 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, ఉంది. ఒక జత క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కొన్ని నత్తలు, వాటితోపాటు మష్రూమ్ పగడాలు, జొయాంథిడ్లు (రాతి మీద గుంపులుగా అల్లుకునే, పగడాల వంటి ప్రాణులు), ఒక లెదర్ పగడం పెరుగుతున్నాయి. మొదట డ్రై రాక్‌తోనే, అంటే ప్రాణులేవీ లేని ఎండు రాళ్లతోనే, ట్యాంకు కట్టుకున్నాను. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒకాయన చాలా ఏళ్లుగా నడిపిన తన ట్యాంకును తీసేస్తుంటే, జొయాంథిడ్లు దట్టంగా అల్లుకున్న కొన్ని రాళ్లను ఆయన దగ్గర కొని, తడి కాగితాల్లో చుట్టి థర్మోకోల్ డబ్బాలో తెచ్చి పెట్టుకున్నాను. అప్పటి నుంచి నేను కొనని ప్రాణులు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి.

లైట్లు ఆర్పిన తర్వాత టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూస్తే, రాతి పగుల్లోంచి వేలెడు పొడవున్న గులాబీ రంగు పురుగు సగం ఒళ్లు బయటపెట్టి, చేపలు వదిలేసిన మేతను పట్టుకొని లోపలికి లాక్కుంటోంది. చూడటానికి అచ్చం జెర్రిలా ఉంది, ఒంటికి రెండు వైపులా తెల్లని నూగు కుచ్చులుగా ఉంది. రాళ్ల సందుల్లోనూ, వెనక ఓవర్‌ఫ్లో మూలలోనూ గోధుమ రంగులో, లోపలిది కనిపించేంత పలచగా ఉన్న చిన్న అనిమొనీలు (పువ్వుల్లా విచ్చుకునే సముద్ర ప్రాణులు) మొలిచాయి, నీడ పడితే చాలు ముడుచుకుపోతున్నాయి. ఒళ్లంతా వెంట్రుకలున్న ఎండ్రకాయ ఒకటి రాతి కింద దాక్కుంటోంది, దాని ముందరి పటకారు కాళ్ల కొనలు నల్లగా ఉన్నాయి. వీటన్నిటికీ మించి, రాత్రి పొద్దుపోయాక ట్యాంకులోంచి టక్‌మని శబ్దం వస్తోంది. మొన్న ఒక టర్బో నత్త చిప్ప ఖాళీగా దొరికింది.

నాకు తెలిసిన అక్వేరియం దుకాణదారుడు, రాళ్లన్నీ తీసి పెద్ద గిన్నెలో మరిగిస్తే అన్నీ ఒకేసారి చస్తాయని సలహా ఇచ్చారు. మాది చిన్న ఇల్లు, వంటగది పక్కనే పిల్లలు పడుకుంటారు. ఈ పని చేయవచ్చా? వేరే మార్గం ఏదైనా ఉందా?

పాలమూరు_ఉప్పునీళ్లు:

రామగిరి గారూ, పురుగుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ రాళ్లను మరిగించే ఆలోచనను పూర్తిగా మానుకోండి, ఆ సలహా ఇచ్చినవారికి కూడా దయచేసి ఈ విషయం చెప్పండి.

మీ రాళ్ల మీద జొయాంథిడ్లు ఉన్నాయని మీరే రాశారు. ఆ కుటుంబానికి చెందిన వాటిలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలీటాక్సిన్ అనే విషం ఉండే అవకాశం ఉంది. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి వివరించారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇది ఒకటి. కణాల పొరలో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ చేరవేసే పంపును ఇది చెడగొడుతుంది కనుక కండరాలు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ దెబ్బతింటాయి. మరిగిస్తే ఇది విరిగిపోదు, పైగా ఆవిరితోపాటు సన్నని తుంపరలుగా గాలిలోకి లేచి, ఆ గదిలో ఉన్నవారందరి ఊపిరిలోకీ వెళుతుంది. అమెరికాలోని అలాస్కాలో 2012 నుంచి 2014 వరకు ఇళ్లలోనూ అక్వేరియం దుకాణాల్లోనూ ఇలా జొయాంథిడ్ల వల్ల జబ్బు పడినవారి గురించి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2015లో నివేదిక ప్రచురించింది. నోట్లో చేదుగా లోహపు రుచి, జ్వరం, దగ్గు, నీరసం, ఒళ్లునొప్పులు అందులో కనిపించిన లక్షణాలు. మరిగించడం ఒక్కటే కాదు, వేడినీళ్లు పోయడం, బ్రష్షుతో గట్టిగా తోమడం, ప్రెషర్ పంపుతో కడగడం, మైక్రోవేవ్‌లో పెట్టడం కూడా అంతే ప్రమాదకరం. రాళ్లను కదిలించేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరిగా పెట్టుకోండి, చేతిమీద పుండు గాని గీత గాని ఉంటే ఆ రోజు ట్యాంకులో చెయ్యి పెట్టకండి. ఎప్పుడైనా అనుమానం వస్తే అందరినీ బయటికి తీసుకువెళ్లి, ఆసుపత్రిలో ఆ విషం పేరు చెప్పండి. పేరు చెప్పకపోతే వైద్యులు మామూలు జ్వరంగానే భావించే అవకాశం ఉంది.

విషం సంగతి పక్కన పెట్టినా, మరిగించిన రాయిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది. రంధ్రాల్లో చచ్చిన ప్రాణులన్నీ కుళ్లి, ఆ రాయిని మళ్లీ ట్యాంకులో పెట్టిన వెంటనే అమ్మోనియా పెరుగుతుంది. పురుగును చంపబోయి చేపలను పోగొట్టుకుంటారు.

ఇక మీ పురుగు విషయం. మీరు వర్ణించినదాన్ని బట్టి అది మామూలు బ్రిసల్ వార్మ్, అంటే ముళ్ల పురుగు. మిగిలిన మేత, చేపల విసర్జన, చచ్చిన నత్తల మాంసం తిని రాతి సందులను శుభ్రంగా ఉంచుతుంది, మన చెయ్యి దూరని చోట అది దూరుతుంది. ఇలాంటివి మా ట్యాంకులో ఎన్నో ఉన్నాయి, వాటిని నేను ఉంచుకుంటున్నాను. చచ్చిన చేప మీద ఇవి గుంపుగా కనబడితే ఇవే చంపాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి చచ్చిన తర్వాత వచ్చినవే. వాటి సంఖ్య మనం వేసే మేతను బట్టి ఉంటుంది. మేత తగ్గిస్తే కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. ఒకే జాగ్రత్త ఏమిటంటే, ఉత్త చేతులతో పట్టుకోకూడదు. ఆ నూగు పెళుసుగా ఉండి చర్మంలో గుచ్చుకొని విరిగిపోతుంది, మంట పుడుతుంది. గుచ్చుకుంటే రుద్దకుండా, సెలోటేపు అంటించి మెల్లగా లాగితే చాలావరకు వచ్చేస్తుంది. వాపు ఎక్కువైతే వైద్యుని దగ్గరికి వెళ్లండి.

వనపర్తి_జువాలజీ:

పాలమూరు గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పురుగు గురించి ఒక్క మాట మాత్రం చేరుస్తాను. రాత్రి చూసినప్పుడు దాని తల భాగాన్ని జాగ్రత్తగా గమనించండి. తల మీద స్పష్టంగా అయిదు స్పర్శశృంగాలు (మీసాల వంటివి) కనిపించి, ఒళ్లు గులాబీ రంగులో కాక ముదురు రంగులో ఇంద్రధనుస్సు మెరుపుతో ఉంటే అది యూనిసిడ్ వర్గపు పురుగు. దానికి గట్టి దవడలు ఉంటాయి, పెద్దవైతే పగడాలనూ చేపలనూ కూడా పట్టగలవు. ఆ వర్గంలోని బాబిట్ వార్మ్ జపాన్‌లో దాదాపు 3 మీటర్ల పొడవున దొరికింది. వేలెడు పొడవు, గులాబీ రంగు, రెండు వైపులా తెల్లని శూకాల కుచ్చులు అన్న మీ వర్ణన దీనికి సరిపోదు కనుక మీరు కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు శబ్దం గురించి. రీఫ్ ట్యాంకులో టక్‌మనే శబ్దం చేసేవి ముఖ్యంగా రెండు. మొదటిది పిస్టల్ రొయ్య. దాని రెండు పటకారు కాళ్లలో ఒకటి మరీ పెద్దగా ఉంటుంది. దాన్ని చటుక్కున మూసినప్పుడు నీటి ధార దూసుకువెళ్లి ఒక ఆవిరి బుడగ ఏర్పడుతుంది. మనకు వినిపించేది ఆ పటకారు రెండు కొనలు తగిలిన చప్పుడు కాదనీ, ఆ బుడగ కుప్పకూలిన చప్పుడనీ 2000లో హైస్పీడ్ కెమెరాలతో పరిశీలించి తేల్చారు. ఇది ఇసుకలో సొరంగాలు తవ్వుకొని బతుకుతుంది, కొన్ని జాతుల గోబీలతో కలిసి కాపురం చేస్తుంది. రొయ్యకు చూపు తక్కువ, కనుక గోబీ వాకిట్లో కాపలా కాస్తుంది, రొయ్య తన మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచి, అది తోక ఆడించగానే లోపలికి దూరుతుంది. నేను తరగతిలో సహజీవనం చెప్పేటప్పుడు ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే.

రెండోది మాంటిస్ రొయ్య, ఇది నిజంగా భయపడవలసినదే. వీటిలో పొడిచేవి, కొట్టేవి అని రెండు రకాలు ఉన్నాయి. రాళ్లతోపాటు మన ఇళ్లకు వచ్చేది ఎక్కువగా కొట్టే రకం. పీకాక్ మాంటిస్ రొయ్య దెబ్బ వేగం సెకనుకు 23 మీటర్ల వరకు ఉంటుందని 2004లో కొలిచారు. అది నత్తలను, ఎండ్రకాయలను చిప్ప పగలగొట్టి తింటుంది, చేపలను కూడా వదలదు. కాడల మీద ఉండే దాని కళ్లు ఒకదానితో సంబంధం లేకుండా మరొకటి తిరుగుతాయి.

వీటిని శబ్దం బట్టి విడదీయడం కష్టం, సాక్ష్యం బట్టి విడదీయాలి. అందుకే అడుగుతున్నాను. ఖాళీగా దొరికిన ఆ నత్త చిప్ప పగిలి ఉందా, చెక్కు చెదరకుండా ఉందా? రాళ్ల ముందు పగిలిన చిప్పల ముక్కలు ఏమైనా పోగుపడ్డాయా? ఇసుకలో కొత్తగా సొరంగం గాని, మట్టి ఎత్తిపోసిన గుట్ట గాని కనబడిందా? మీ గోబీ ఎక్కడ కూర్చుంటోంది?

రామగిరి_నల్గొండ:

రాళ్లను మరిగించే విషయంలో సకాలంలో హెచ్చరించినందుకు మా ఇంటిల్లిపాదీ పాలమూరు గారికి కృతజ్ఞులం. వనపర్తి సార్, చిప్పను మళ్లీ కడిగి వెలుతురులో చూశాను. ఎక్కడా పగుళ్లు లేవు, అంచు కూడా విరగలేదు. పగిలిన ముక్కలు ఎక్కడా లేవు. మీరు అడిగిన తర్వాత గమనిస్తే, ఎడమ వైపు పెద్ద రాయి కింద ఇసుకలో ఒక రంధ్రం ఉంది, దాని నోటి దగ్గర గుల్లల ముక్కలు పేర్చి ఉన్నాయి. గోబీ కొన్నాళ్లుగా అక్కడే ఉంటోంది, నేను అది భయపడి దాక్కుందని అనుకున్నాను. నిన్న రాత్రి కదలకుండా కూర్చొని చూస్తే, గోబీ వెనక నుంచి ఒక రొయ్య ఇసుకను నెట్టుకుంటూ వచ్చింది. ఒక పటకారు కాలు రెండోదానికంటే చాలా లావుగా ఉంది. ఇసుకను వాకిట్లో పోసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. అంతసేపూ దాని మీసం ఒకటి గోబీ తోకను తాకుతూనే ఉంది.

వనపర్తి_జువాలజీ:

అయితే అది పిస్టల్ రొయ్యే. దాన్ని అలాగే ఉంచండి. దాని తవ్వకాల వల్ల రాళ్లు కూలకుండా, పెద్ద రాళ్లు ఇసుక మీద కాకుండా నేరుగా ట్యాంకు అడుగున ఆనేలా సర్దుకుంటే సరిపోతుంది.

ఎండ్రకాయ విషయంలో నా అభిప్రాయం వేరు. నల్ల కొనలు, వెంట్రుకల ఒళ్లు ఉన్నంత మాత్రాన ప్రతిదీ చెడ్డదని చెప్పలేం గాని, అటువంటివి పెరిగిన కొద్దీ పగడాల పాలిప్‌లను (పువ్వుల్లా విచ్చుకునే భాగాలను) గిల్లడం, నత్తలను పట్టడం ఎక్కువ. పగలని చిప్ప ఖాళీ కావడం దాని పనే అని రుజువు లేదు, కాని దాన్ని ఉంచుకోమని మాత్రం నేను చెప్పను. రాయిని తీయకుండానే పట్టవచ్చు. ఒక గాజు గ్లాసులో పచ్చి రొయ్య ముక్క వేసి, లైట్లు ఆర్పేముందు రాతికి ఆనించి ఏటవాలుగా పెట్టండి. ఎండ్రకాయ రాతి మీదుగా ఎక్కి లోపలికి దిగుతుంది, నున్నటి గాజును పట్టుకొని పైకి రాలేదు. అది రాతి రంధ్రంలోనే తిష్ఠ వేస్తే, ఆ రాయిని వేరే బకెట్టులోకి తీసి, రంధ్రంలోకి సిరంజితో ఉత్త సోడా చిమ్మితే బయటికి వస్తుంది. ఈ పని ట్యాంకు లోపల మాత్రం చేయకూడదు, చక్కెర గాని రుచులు గాని కలిపిన సోడా వాడకూడదు. పట్టిన తర్వాత ఎవరూ దాన్ని వండుకునే ప్రయత్నం చేయవద్దు. నల్ల కొనల ఎండ్రకాయలు ఎక్కువగా ఉండే జాంథిడ్ కుటుంబంలో ప్రాణాంతకమైన విషం ఉన్న జాతులు ఉన్నాయి, ఉడికించినా ఆ విషం పోదు.

మిర్యాలగూడ_ట్యాంకు:

అందరూ అనిమొనీలను వదిలేశారు. నా దృష్టిలో ఈ ట్యాంకుకు అసలు ముప్పు వాటితోనే. మీరు వర్ణించినవి ఐప్టేసియా అనే కలుపు రకం అనిమొనీలు. గోళ్లతో గీకడం, కత్తెరతో కత్తిరించడం, రాతిని బ్రష్షుతో రుద్దడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. దాని పాదం నుంచి తెగిన చిన్న తునక కూడా కొత్త అనిమొనీగా పెరుగుతుంది. ఒకదాన్ని చంపబోతే చుట్టూ పిల్లలు మొలుస్తాయి. పక్కనున్న పగడాలను స్పర్శకాలతో కాల్చి చోటు ఆక్రమిస్తాయి.

కొన్నే ఉన్నప్పుడు శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను (సున్నాన్ని) ఆర్‌వో నీళ్లతో చిక్కటి ముద్దగా కలిపి, పంపులన్నీ ఆపి, సిరంజితో అనిమొనీ నోటి మీద, దాని చుట్టూ పూర్తిగా కప్పేలా మెల్లగా వేయండి. అది ముడుచుకోకముందే వేయాలి. కనుక నీడ పడనివ్వకుండా పక్క నుంచి సిరంజి తీసుకువెళ్లాలి. కాసేపు ఆగాక పంపులు వేయండి. ఒక్క రోజే అన్నిటికీ వేస్తే నీటి పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది, కొన్నింటికే వేసి రెండు రోజుల తర్వాత మళ్లీ వేయండి. ఇది చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది కాబట్టి గ్లవ్స్, అద్దాలు ఇక్కడ కూడా అవసరం. తాంబూలం సున్నం కూడా ఇదే కదా అని కొందరు వాడుతున్నారు, దానిలో ఏం కలిసిందో మనకు తెలియదు కనుక నేను వద్దంటాను. నిమ్మరసం, వేడినీళ్లు చిమ్మడం గురించి కూడా చదివే ఉంటారు. వాటితో పైన ముడుచుకుపోతుంది గాని, రాతిలోపలి పాదం బతికే ఉంటుంది. పైగా జొయాంథిడ్ల పక్కన వేడినీళ్లు అసలే వద్దు.

చాలా చోట్ల మొలిచిపోతే పెప్పర్‌మింట్ రొయ్యలు పనికొస్తాయి. అయితే కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది, దుకాణదారుకు కూడా తెలియకుండానే జరగవచ్చు. దాదాపు అదే ఎరుపులో ఉండే క్యామెల్ రొయ్యను ఆ పేరుతో అమ్ముతారు. దాని వీపు ఎత్తుగా ఉంటుంది, ఒంటి మీద ఎర్ర గీతల మధ్య తెల్లని చుక్కలు, గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. అది ఐప్టేసియాను వదిలి మీ మష్రూమ్‌లను, జొయాంథిడ్లను తింటుంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప కూడా ఐప్టేసియాను తింటుంది గాని, అది 250 లీటర్లలో బతకదు, మేతకు అలవాటు పడటమే కష్టం. బెర్గియా అనే చిన్న నత్త జాతి ప్రాణి ఐప్టేసియా తప్ప మరేదీ తినదు. దొరికితే అంతకంటే మంచిది లేదు, అయితే ఐప్టేసియా అయిపోయిన రోజున దానికి ఆకలి చావే, కనుక అప్పుడు అవసరం ఉన్నవారికి ఇచ్చేయండి.

దేవరకొండ_పగడం:

చివరగా ఒక విషయం, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఈ చర్చ చదివే కొత్తవారు, లైవ్ రాక్ (ప్రాణులు, బ్యాక్టీరియా ఉన్న పగడపు రాయి) కావాలంటే సముద్రం నుంచి తెచ్చుకోవచ్చు అనుకునే ప్రమాదం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో 2001లోనే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాన్ని, ఫైర్ పగడాన్ని, సీ ఫ్యాన్లను చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి గాని, లక్షద్వీప్, అండమాన్‌ల నుంచి గాని పగడపు రాయి ఏరుకు రావడం, కొనడం, అమ్మడం నేరం. రాయి చచ్చినదైనా అంతే. రామగిరి గారు డ్రై రాక్‌తో మొదలుపెట్టడం అన్ని విధాలా మంచిది. తర్వాత ఇతరుల ట్యాంకు నుంచి ఏది తెచ్చినా, చిన్న ప్లగ్గు (పగడాన్ని అతికించి అమ్మే బిళ్ల) మీది జొయాంథిడ్ అయినా, ముందు ఆ ప్లగ్గును తీసి పారేసి, పగడాల డిప్ ద్రావణంలో (పురుగులు రాలడానికి ముంచే మందులో) సీసా మీద రాసినంతసేపు ఉంచి, వేరే చిన్న ట్యాంకులో కొన్ని వారాలు గమనించండి. డిప్‌లో పురుగులు, నూడిబ్రాంక్‌లు (చిప్ప లేని సముద్రపు నత్తలు) రాలిపోతాయి గాని వాటి గుడ్లు చావవు. కాబట్టి ఆ వారాల్లో మళ్లీ మళ్లీ డిప్ చేయవలసి ఉంటుంది.

వనపర్తి సార్, ట్యాంకుకు వేసే ఉప్పును నల్గొండ బోరు నీళ్లలో కలపవచ్చా అని నన్ను తరచూ అడుగుతుంటారు. ఫ్లోరైడ్ వల్ల కూడదని నేను చెబుతుంటాను, అది సరైన కారణమేనా?

వనపర్తి_జువాలజీ:

కూడదు అన్నది సరైనదే, కారణం మాత్రం వేరు. సహజమైన సముద్రపు నీటిలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్లలోని కాఠిన్యం, నైట్రేట్, సిలికేట్‌లే ట్యాంకులో నాచును పెంచి లెక్కలన్నీ తప్పిస్తాయి. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) సున్నా చూపించే ఆర్‌వో, డీఐ నీళ్లనే, అంటే వడపోసి లవణాలన్నీ తీసేసిన నీళ్లనే వాడాలి.

రామగిరి_నల్గొండ:

గాజు గ్లాసు పద్ధతి పని చేసింది, ఎండ్రకాయ పొద్దున గ్లాసు అడుగున కూర్చొని ఉంది. ప్రస్తుతం చిల్లులు పెట్టిన డబ్బాలో వేసి సంపులో, అంటే ట్యాంకుకు కలిపిన ఫిల్టరు తొట్టిలో ఉంచాను. ఐప్టేసియాకు మిర్యాలగూడ గారు చెప్పిన ముద్ద వేయడం మొదలుపెట్టాను, మొదట వేసిన చోట్ల మళ్లీ రాలేదు. ముళ్ల పురుగును అలాగే వదిలేసి మేత తగ్గించాను. ఇక రెండు సందేహాలు మిగిలాయి. ఈ ఎండ్రకాయను ఏం చేయాలి? రాళ్లను ఉంచిన బకెట్టులోని ఉప్పునీళ్లను ఇంటి ముందున్న ఇంకుడు గుంతలో పోయవచ్చా?

దేవరకొండ_పగడం:

సంపులో చేపలు, పగడాలు లేకపోతే ఎండ్రకాయను అక్కడే పెంచుకోవచ్చు, రోజూ కాస్త మేత వేస్తే చాలు. వద్దనుకుంటే డబ్బాతో సహా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పూర్తిగా గడ్డకట్టిన తర్వాత చెత్తలో వేయండి. ఉదయసముద్రంలో గాని, డిండిలో గాని వదలకండి. ఉప్పునీటి ప్రాణి అక్కడ బతకదు, నరకం అనుభవించి చస్తుంది. ట్యాంకులోది చెరువులో వదిలే అలవాటు వల్లనే సక్కర్ చేపలు మన చెరువుల్లో చేరి జాలర్ల వలలు చింపుతున్నాయి.

ఇంకుడు గుంతలో పోయవద్దు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉన్న నీళ్లు నేరుగా మీ బోరుకే చేరతాయి, మన భూగర్భ జలాలకు ఉన్న ఇబ్బందులు చాలు. చెట్ల మొదట్లోనూ పోయకూడదు. బకెట్టెడు నీళ్లే కాబట్టి మామూలు నీళ్లతో పలచన చేసి, మురుగు కాలువకు కలిసిన బాత్రూం తూములో పోయండి. రాళ్లు ఉంచిన ఆ బకెట్టును, సిరంజిని, గ్లాసును మళ్లీ ఇంటి వాడకానికి తీసుకోకుండా, ట్యాంకు పనికే అని పేరు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి.